నికాన్ 200-500తో చిన్న పిట్టలు: కొన్నేళ్లు వాడాక

నికాన్ 200-500 ఎంఎం ఎఫ్/5.6 లెన్స్ 2015లో వచ్చింది. పిట్టల ఫోటోల కోసం నికాన్ డీ7500 కెమెరాకు తగిలించి కొన్నేళ్లుగా వాడుతున్నాను. కొనేవాళ్లంతా అడిగేది ఒకటే: "500 ఎంఎం (దూరాన్ని దగ్గరకు లాగే శక్తి) సరిపోతుందా?" కొంగలకైతే బ్రహ్మాండం. చిన్న పిట్టలకు చాలదు, ఆ మాటకొస్తే 600 కూడా చాలదు. పది మీటర్ల దూరంలో ఈ కాంబినేషన్‌కు ఫ్రేమ్ వెడల్పు దాదాపు 47 సెంటీమీటర్లు. తేనెపిట్ట ముక్కు నుంచి తోకదాకా పది సెంటీమీటర్లే, అంటే ఫ్రేములో ఐదోవంతు. పూలచెట్టు దగ్గర కదలకుండా కూర్చుంటే అదే ఐదు మీటర్ల దూరానికి వస్తుంది. ఈ లెన్స్ 2.2 మీటర్ల దాకా ఫోకస్ చేస్తుంది. నా దృష్టిలో 500 కన్నా ఆ అంకెకే ఎక్కువ విలువ.

అంత దగ్గర్లో ఇంకో తంటా ఉంది. ఐదు మీటర్ల దూరంలో ఎఫ్/5.6 (లెన్స్ రంధ్రం కొలత; అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది, లోతు పెరుగుతుంది) పెడితే షార్ప్‌గా వచ్చే లోతు రెండు సెంటీమీటర్ల చిల్లర. పిట్ట మనవైపు తిరిగి ఉంటే కన్ను బాగుంటుంది, తోక మసకేస్తుంది. పక్కకు తిరిగేదాకా ఆగడమో, ఎఫ్/8కి వెళ్లడమో చేయాలి. మగ తేనెపిట్ట దూరానికి ఉట్టి బొగ్గుముక్క. ఎండ మన వీపు వైపు నుంచి పడితేనే ఆ ఊదా, నీలం మెరుపులు బయటపడతాయి.

బ్యాక్‌గ్రౌండ్ సంగతి మాత్రం లెన్స్ చేతిలో లేదు. మందారం వెనకే గోడ ఉంటే ఎంత ఖరీదైన లెన్సైనా అంతే. పిట్ట వెనక పది పదిహేను మీటర్లు ఖాళీ ఉన్న కొమ్మను ముందే చూసిపెట్టుకుంటాను. హైదరాబాద్ శివార్లలోని అమీన్‌పూర్ చెరువు దగ్గర గడ్డిగింజలు తినే మునియాలనే చిన్న పిట్టలకైతే నేలమీద కూర్చోవాల్సిందే (ప్యాంటు సంగతి మర్చిపోండి). నిలబడి తీస్తే వీపులే వస్తాయి. ఆకాశం వెనకుంటే ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ (అంటే వెలుతురు రెట్టింపు) పెంచుతాను, లేదంటే పిట్ట నీడలా పడుతుంది.

లెన్స్‌లోని వీఆర్ (వణుకు తగ్గించే ఏర్పాటు) భలే పనిచేస్తుంది కానీ అది ఆపేది మన చేతి వణుకునే. పిట్ట గెంతులకు 1/1600 సెకను షట్టర్ వేగం కావాలి, దాంతో పొద్దున పూట ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సర్ స్పందన) 1600 దాటి ఫోటోలో నాయిస్, అంటే చుక్కలు, వస్తాయి. ఎడిటింగ్‌లో నాయిస్ తగ్గించడం బ్యాక్‌గ్రౌండ్ వరకే చేస్తాను, ఈకల జోలికి వెళ్లను. ఈకలు నున్నగా అయితే ప్లాస్టిక్ బొమ్మే. వెడల్పు, ఎత్తు సగానికి క్రాప్ చేసినా 5 మెగాపిక్సెళ్లు మిగులుతాయి, పిట్ట చూసేవైపు కాస్త చోటు వదిలితే చాలు.

వానాకాలంలో గిజిగాడు గూడు అల్లేటప్పుడు నిలువు ఫ్రేములో చాలా బాగుంటుంది. అడ్డొచ్చిన ఆకులు తుంచేవాళ్లను చూస్తే మాత్రం ఒళ్లు మండుతుంది. గూడుకున్న చాటు పోతుంది కదా!

బరువు 2.3 కిలోలు. మోనోపాడ్ లేకుండా గంటసేపు పట్టుకోవడం నావల్ల కాదు. నికాన్ జడ్ (మిర్రర్‌లెస్) కెమెరా ఉన్నవాళ్లు ఎఫ్‌టీజెడ్ అనే లెన్స్ అడాప్టర్‌తో దీన్నే వాడుకోవచ్చు, ఆటోఫోకస్ పనిచేస్తుంది. కొత్తగా కొనేటట్లయితే 2023లో వచ్చిన నికాన్ జడ్ 180-600 లెన్స్ కూడా ఒకసారి చేత్తో పట్టుకుని చూడండి.