మందుల షాపు సాఫ్ట్‌వేర్: ఏడాదిన్నర వాడాక

మా మెడికల్ షాపు కర్నూలు పాతబస్తీలో, కొండారెడ్డి బురుజుకు నడిచి వెళ్లేంత దూరంలో ఉంది. ఏడాదిన్నరగా వాడుతున్న సాఫ్ట్‌వేర్ గురించి రాస్తున్నా. తిట్టేవి కూడా ఉన్నాయి కాబట్టి కంపెనీ పేరు రాయను.

దీన్ని కొన్నది బిల్లు కొట్టడానికి కాదు, ఎక్స్‌పైరీ నష్టం ఆపడానికి. స్టాకిస్టు (మాకు మందులు అమ్మే హోల్‌సేల్ వ్యాపారి) పదికి ఒకటి ఫ్రీ అనగానే నాన్న తీసేసుకునేవాడు. ఆ ఫ్రీ స్ట్రిప్పుతో పాటు కొన్నవాటిలో నాలుగు అలమరలోనే ముసలివైపోయేవి. ఇప్పుడు మూడు నెలల్లో గడువు తీరే స్టాకు పొద్దున్నే స్క్రీన్ మీద కనబడుతుంది, టైముకు వాపసు పంపుతున్నాం. ఆరు నెలలుగా కదలని సరుకు లిస్టు చూశాక ఇద్దరు స్టాకిస్టుల దగ్గర కొనడం తగ్గించాం. నాన్నకు నచ్చలేదు. అందులో ఒకాయనతో ముప్పై ఏళ్ల స్నేహం మరి.

నేను అనుకోని లాభం బీపీ, షుగర్ వాళ్ల దగ్గర వచ్చింది. నెల మందులు తీసుకెళ్లినవాళ్ల పేర్లు 27వ రోజు చూపిస్తుంది. ఫోన్ మేమే చేస్తాం. "పెద్దమ్మా, బిళ్లలు అయిపోవచ్చినాయి కదా, తీసి పెట్టేదా?" అని అడిగితే కోడుమూరు నుంచి బస్సులో వచ్చే ఆమెకు ఒక తిరుగుడు తప్పుతుంది. పక్క వీధిలో 20 శాతం తగ్గింపు బోర్డుతో కొత్త షాపు వచ్చినా ఇలాంటివాళ్లు మమ్మల్ని వదల్లేదు. అంత తగ్గింపు ఇవ్వడం మావల్ల కాదు.

షెడ్యూల్ హెచ్1 మందులు, అంటే కొన్ని యాంటీబయాటిక్స్, అలవాటు పడే మందుల్లాంటివి, ఎవరికి అమ్మామో రాసే రిజిస్టరు మూడేళ్లు దాచాలి కదా, సాఫ్ట్‌వేరు డాక్టరు, పేషెంటు పేర్లు బిల్లు దగ్గరే అడుగుతుంది. ఆ తలనొప్పి పోయింది.

ఇక తిట్లు. 2025 సెప్టెంబరు 22న చాలా మందుల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. ఆ సోమవారం షాపు తెరిస్తే ఇది పాత రేటే చూపిస్తోంది. సపోర్టుకు ఫోన్ చేస్తే పాట వినిపించారు. సాయంత్రం నాలుగింటికి అప్‌డేట్ వచ్చేదాకా చేత్తో బిల్లులు రాశాం. ఆ రోజు టెన్షన్ నాకు తెలుసు. తెలుగులో పేరు కొడితే ప్రింటులో అక్షరాల బదులు డబ్బాలు వస్తాయి. ఇంకొకటి, సరుకు ఎక్కించేటప్పుడు తప్పు కొడితే ఇది పట్టుకోదు. మా కుర్రాడు 2027 బదులు 2037 కొట్టాడు. ఆ సిరప్ గడువు లిస్టులో ఎందుకొస్తుంది?

ఐదుకు మూడున్నర ఇస్తా.

ఆన్‌లైన్ బ్యాకప్‌కు ఏటా వేరే డబ్బులు కట్టాలి. నాన్న వద్దంటాడేమో అనుకున్నా. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ ఊళ్లోకి వచ్చినప్పుడు ఆయన అప్పుల పుస్తకం బురదలో కలిసింది. జ్ఞాపకం మీద మళ్లీ రాసుకుని అడగబోతే సగం మంది "అంత లేదే అన్నా" అన్నారు. బ్యాకప్ అంటే ఏమిటో చెప్పగానే మారుమాట లేకుండా గల్లాపెట్టె తెరిచాడు.