కాఠ్మండు లోయకు ‘ఏడు వారసత్వ స్థలాల’ ప్యాకేజీ కొనబోయేవారికి హెచ్చరిక

గత అక్టోబరులో మా అమ్మగారిని పశుపతినాథుని దర్శనానికి తీసుకువెళ్లాలని హైదరాబాదులోని ఒక యాత్రా సంస్థ దగ్గర ఐదు రోజుల నేపాల్ ప్యాకేజీ కొన్నాము. వారిచ్చిన కాగితంలో మూడో రోజు కార్యక్రమం కింద ‘యునెస్కో గుర్తించిన ఏడు స్థలాలు, ప్రవేశ రుసుములతో సహా’ అని స్పష్టంగా ఉంది. కాఠ్మండు, పాటన్, భక్తపూర్ నగరాల దర్బారు చౌకులు (పాత రాజభవనాల ముందరి కూడళ్లు), స్వయంభూ, బౌద్ధనాథ స్తూపాలు, పశుపతినాథ్, చంగు నారాయణ్ ఆలయాలు కలిపి 1979లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. ఆ ఏడింటినీ ఒక్క రోజులో తృప్తిగా చూడడం ఎవరికీ సాధ్యం కాదు. ఆ మాట డబ్బు కట్టకముందే అడగవలసింది.

ఆ ఉదయం హోటలు దగ్గరకు వచ్చిన స్థానిక గైడు, విదేశీయుల టికెట్ల ధర పెరిగిందంటూ మనిషికి 5,000 నేపాలీ రూపాయలు, అంటే మన డబ్బులో 3,125, నగదుగా వసూలు చేశాడు. రసీదు అడిగితే సాయంత్రం ఇస్తానన్నాడు గాని ఇవ్వలేదు. మర్నాడు మేము సొంతంగా వెళ్లి టికెట్ కౌంటరు బోర్డు చూశాకే సంగతి తెలిసింది. భారత్‌తో సహా సార్క్ (దక్షిణాసియా కూటమి) దేశాల వారికి దర్బారు చౌకుల్లో వేరే ధర ఉంది, అది మిగతా విదేశీయులు చెల్లించే దానికంటే చాలా తక్కువ. పశుపతినాథ్‌లోనైతే భారతీయులకు ప్రవేశ రుసుమే లేదు. మా దగ్గర దానికి కూడా డబ్బు తీసుకున్నారు. కాబట్టి పాస్‌పోర్టు గాని, ఓటరు కార్డు గాని వెంట ఉంచుకుని, టికెట్టు మీరే కౌంటరులో కొనండి.

ఇంతకంటే ఎక్కువ బాధ కలిగించిన విషయం వేరే ఉంది. శ్రీశైలంలో మల్లికార్జునస్వామి స్పర్శ దర్శనం చేసుకున్న మనవారికి, పశుపతినాథుణ్ణి కూడా చేతితో తాకవచ్చని చెబితే నమ్మకం కుదరడం సహజం. ఆ నమ్మకాన్నే వాడుకుని, గర్భాలయంలో స్పర్శ దర్శనం, అభిషేకం చేయిస్తామని మా అమ్మగారి పేరున విడిగా డబ్బు తీసుకున్నారు. ఆ ఆలయంలో లింగాన్ని తాకే అధికారం కర్ణాటక నుంచి వచ్చే భట్ట అర్చకులకు మాత్రమే ఉంది. భక్తులు ఎవరైనా సరే, నాలుగు ద్వారాల బయట నిలబడి దర్శనం చేసుకోవలసిందే. డెబ్బయ్యారేళ్ల మనిషి, ముందురోజు రాత్రి నుంచి ఉపవాసం ఉండి, ద్వారం దగ్గర ‘లోపలికి ఎప్పుడు పంపిస్తారు’ అని నన్ను పదేపదే అడిగింది. స్పర్శ దర్శనం పేరుతో ఎవరు డబ్బు అడిగినా ఇవ్వకండి. పూజ చేయించదలిస్తే ఆలయ కౌంటరులోనే రసీదు తీసుకోండి.

అక్కడి నుంచి రుద్రాక్షలు, శాలిగ్రామాలు అమ్మే ఒక దుకాణానికి తీసుకువెళ్లి గంటన్నర కూర్చోబెట్టారు. ఆ సమయాన్ని పూడ్చుకోవడానికి పాటన్‌ను వదిలేస్తూ, ‘2015 భూకంపంలో అంతా కూలిపోయింది, అక్కడ చూడడానికేమీ లేదు’ అన్నారు. ఆ భూకంపంలో లోయలోని ఎన్నో గుడులు నేలమట్టమైన మాట నిజమే, కాఠ్మండు చౌకులోని కాష్ఠమండపం కూడా కూలి, తర్వాత మళ్లీ కట్టబడింది. అయితే పాటన్‌లో సిద్ధినరసింహ మల్లుడు 1637లో రాతితో కట్టించిన కృష్ణ మందిరం అప్పుడు కూలలేదు. దాని గోడల మీద మహాభారత, రామాయణ ఘట్టాలు వరుసగా చెక్కి ఉన్నాయి. భూకంపం పేరు చెప్పి ఏ స్థలాన్నైనా తప్పిస్తే, వెంటనే హోటలు వారిని అడిగి నిర్ధారించుకోండి.

చంగు నారాయణ్ కొండ వైపు బస్సు తిరగనే లేదు. క్రీ.శ. 464 నాటి మానదేవ రాజు సంస్కృత శాసనం అక్కడ ఉంది, నేను ఈ ప్యాకేజీ ఎంచుకోవడానికి ముఖ్య కారణం అదే. భక్తపూర్‌లో ఇచ్చింది నలభై నిమిషాలు. భూపతీంద్ర మల్లుడు 1702లో కట్టించిన అయిదంతస్తుల న్యాతపోల ఆలయం మెట్ల మీద ఇద్దరు మల్లయోధులు, వారిపైన ఏనుగులు, సింహాలు, ఇలా ఒక్కో జత కింది జత కంటే పదింతలు బలమైనదిగా నిలిపిన శిల్పాలను ఆగి చూడడానికే అరగంట పడుతుంది.

తిరిగి వచ్చాక సంస్థ వారిని అడిగితే, అది స్థానిక గైడు తప్పని, తమకు సంబంధం లేదని చెప్పారు. మేము కాగితం, చెల్లింపుల రుజువులు జతచేసి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915 నంబరులో ఫిర్యాదు నమోదు చేశాము. ఇటువంటి ప్యాకేజీకి ఇప్పటికే అడ్వాన్సు కట్టినవారు, ఏ స్థలంలో ఎంతసేపు ఆగుతారు, టికెట్టు ఏ ధరకు కొంటారు, దుకాణాల దగ్గర ఆపుతారా అనే మూడు విషయాలను సంస్థ చేత రాయించుకున్న తరువాతే మిగతా డబ్బు చెల్లించండి.