హనుమకొండలో అథ్లెటిక్స్ మీట్: ఎక్కడ దిగాలి, ఎక్కడ కూర్చోవాలి

అథ్లెటిక్స్ మీట్‌కు మొదటిసారి పోయేవాళ్లు క్రికెట్ మ్యాచ్‌కు పోయినట్టు పోతే తల తిరుగుతుంది. ఇక్కడ చూపు నిలపడానికి ఒక్క బంతి ఉండదు. ట్రాక్ మీద హీట్స్ (ఫైనల్‌కు ముందు జరిగే వడపోత పరుగులు) నడుస్తుంటే ఒక పక్క లాంగ్ జంప్, మరో పక్క డిస్కస్ త్రో. అన్నీ చూద్దామని కూర్చుంటే ఏదీ చూడలేం.

హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో జాతీయ స్థాయి మీట్‌కు కరీంనగర్ నుంచి మా మేనల్లుడితో కలిసి వెళ్లాను. వాడు స్కూల్లో 400 మీటర్లు పరుగెత్తుతాడు. హుజూరాబాద్ మీదుగా బస్సులో దాదాపు 70 కిలోమీటర్లు, దిగేది హనుమకొండ బస్టాండ్‌లోనే. హైదరాబాద్ నుంచి రైల్లో వచ్చేవాళ్లు వరంగల్ దాకా పోనక్కర్లేదు, కాజీపేటలో దిగొచ్చు. ఆటో ఎక్కేముందే రేటు మాట్లాడుకోండి. చేతిలో బ్యాగు కనబడితే ఒక రేటు, లేకపోతే ఇంకో రేటు!

బస విషయంలో చూడాల్సింది అద్దె కాదు, దూరం. పోటీలు పొద్దున కొన్ని, సాయంత్రం కొన్ని పెడతారు. మధ్యలో ఎండ మండే గంటలు ఖాళీ. మొదటి రాత్రి వరంగల్ స్టేషన్ దగ్గర ఒక లాడ్జిలో ఉన్నాం. చవకే, కానీ రాత్రంతా రైళ్ల మోత, బాత్రూంలో నీళ్లు సన్నగా వచ్చాయి. మర్నాడు హనుమకొండ చౌరస్తా వైపు మారాం. అద్దె ఎక్కువే అయినా మధ్యాహ్నం రూముకొచ్చి ఓ కునుకు తీసి పోవడానికి వీలైంది. టూరిజం వాళ్ల హరిత కాకతీయ కూడా హనుమకొండలోనే ఉంది. మీట్ రోజుల్లో టీములు, కోచ్‌లు, పిల్లల వెంట వచ్చిన తల్లిదండ్రులతో రూములు నిండిపోతాయి, ముందే బుక్ చేసుకోవాలి.

ఇక సీటు. "మామా, గీడ కూసుందాం, ఫినిష్ మంచిగ కనవడ్తది" అని మావాడు గీతకు ఎదురుగా లాక్కెళ్లాడు. 100 మీటర్లకు అదే సరైన చోటు. నా మటుకు నాకు మలుపు దగ్గరే నచ్చింది. 200 మీటర్లలో ఎవరు ఎక్కడ అందుకుంటున్నారో, రిలేలో చేతులు మారే కర్ర, అదే బ్యాటన్, ఎవరి చేతిలో తడబడిందో అక్కడే తెలుస్తుంది.

400 మీటర్ల స్టార్ట్‌లో మా పక్కనున్న పెద్దాయన ఊరుకోలేదు. "బయటి పిల్ల అప్పుడే ముందల ఉన్నది గదా, లోపలి పిల్లకు అన్యాయం కాదా?" బయటి లేన్ చుట్టు పెద్దది తాతా, దూరం సమానం కావాలంటే ముందు నుంచి మొదలుపెట్టాల్సిందే అని మావాడు విడమరిచి చెప్పాడు. దాంతో దోస్తీ కుదిరింది. పర్వతగిరి మండలం కల్లెడ మాట కూడా ఆయనే ఎత్తాడు. 2024 పారిస్ పారాలింపిక్స్ 400 మీటర్ల టీ20లో (మేధోపరమైన వైకల్యం ఉన్నవాళ్ల విభాగం) కాంస్యం తెచ్చిన దీప్తి జీవాంజి ఊరది. సొంత బిడ్డ గెలిచినట్టే చెప్పాడు.

ఈ ట్రాక్‌కూ ఓ చరిత్ర ఉంది. 2002 బుసాన్ ఆసియా క్రీడల్లో సునీతా రాణి నెలకొల్పిన 1500 మీటర్ల జాతీయ రికార్డును 2021 సెప్టెంబర్‌లో హర్మిలన్ బెయిన్స్ 4 నిమిషాల 5.39 సెకన్లతో బద్దలు కొట్టింది ఇక్కడే. అది తెలిశాక 1500 మీటర్లు చూస్తుంటే చివరి ల్యాప్ గంట మోగగానే మనకే టెన్షన్ పట్టుకుంటుంది.

లాంగ్ జంప్ దగ్గర తెల్ల జెండా లేస్తే ఆ జంప్ చెల్లినట్టు, ఎర్రది లేస్తే ఫౌల్. వెనక గాలి సెకనుకు 2 మీటర్లు దాటితే ఎంత దూరం దూకినా రికార్డుగా రాయరు. స్ప్రింట్లలో తుపాకీ కంటే ముందు కదిలితే ఒక్కసారికే ఇంటికి. నెలల తరబడి కష్టపడి వచ్చిన ఓ పిల్లాడు అలా బయటికి నడుస్తుంటే మావాడు చాలాసేపు మాట్లాడలేదు.

తిండికి ఇబ్బంది లేదు, చౌరస్తా టిఫిన్ సెంటర్లు పొద్దున్నే తెరుస్తారు. నీళ్ల సీసా, టోపీ మాత్రం మరవొద్దు. ఖాళీ గంటల్లో వేయిస్తంభాల గుడి చూసి రావొచ్చు, దగ్గరే. వరంగల్ కోట, రామప్ప గుడి మాత్రం ఇందులో ఇరికించకండి, వాటికి విడిగా ఓ రోజు పెట్టుకోండి.

4×400 రిలేను సాధారణంగా చివరి రోజు ఆఖర్న పెడతారు. ఆఖరి బస్సు కోసం లేచిపోయేవాళ్లు దాన్నే పోగొట్టుకుంటారు. మేం రూము ఇంకో రాత్రి ఉంచుకున్నాం.