కొత్త హెచ్‌ఎంకి ఏది మేలు: లోపలి ఊరి హైస్కూలా, మండల కేంద్రమా?

టీచర్లకు హెచ్‌ఎం (హెడ్‌మాస్టర్) ప్రమోషన్ లిస్టు కదిలిందని వాట్సాప్‌లో వస్తే చాలు, నాకు ఫోన్లు మొదలవుతాయి. ఆలూరు నుంచి చేసినా, కళ్యాణదుర్గం నుంచి చేసినా, పోరుమామిళ్ల నుంచి చేసినా అడిగేది ఒకటే: "సార్, పోస్టింగ్ కోసం పెట్టే వెబ్ ఆప్షన్లలో పల్లె ముందు పెట్టాలా, మండలం ముందు పెట్టాలా?" నేను రెండు చోట్లా హెచ్‌ఎంగా చేశాను. మొదట మండల కేంద్రం, తర్వాత బదిలీల్లో కోరుకుని ఆదోని డివిజన్‌లో మెయిన్ రోడ్డు దిగి లోపలికి పోవాల్సిన ఊరికి వచ్చాను. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే ఒకేచోట రాయడం మంచిదనిపించింది. డీడీఓ పనులు (జీతాల బిల్లులు చేయడం), ఎస్‌ఎంసీ (పాఠశాల యాజమాన్య కమిటీ) రూల్సు, విద్యాశాఖ లీప్ యాప్ మీకు తెలిసినవే, వాటి జోలికి పోను.

ముందు మండల కేంద్రం గురించి. అక్కడ స్టాఫ్ ఉంటారు, అది చిన్న విషయం కాదు. టీచర్లు కూడా మనలాగే రోడ్డు పక్క ఊళ్ళే కోరుకుంటారు కాబట్టి లెక్కలకీ, ఫిజికల్ సైన్సుకీ, హిందీకీ మనుషులు దొరుకుతారు, ఒకరు లీవు పెట్టినా క్లాసు ఖాళీగా పోదు. జూనియర్ అసిస్టెంట్ ఉండే అవకాశం ఎక్కువ. సర్వీస్ రిజిస్టర్లు, ఇంక్రిమెంట్లు, పే బిల్లులు ఎప్పుడూ ముట్టుకోనివాళ్ళకు మొదటి ఏడాది ఆ ఒక్క మనిషి ఉంటే ఎంత ధైర్యమో పడినవాళ్ళకే తెలుస్తుంది. ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసు పక్కనే, సిగ్నల్ బాగుంటుంది, ఇంటికి పొద్దుండగానే చేరొచ్చు. హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) పోతుందేమోనని కొందరు భయపడతారు గానీ చాలా మండల కేంద్రాలకూ లోపలి పల్లెలకూ అది ఒకటే, 10 శాతం.

అయితే అక్కడ హెచ్‌ఎం ఎక్కడున్నాడని అడిగితే వచ్చే జవాబు ఎక్కువగా "మీటింగ్‌లో ఉన్నాడు" అనే. ట్రైనింగ్ వచ్చినా, పరీక్షా సెంటర్ పడినా, ఏ ఆఫీసరు మండలానికి వచ్చినా అంతా మన బడిలోనే. స్కూల్ కాంప్లెక్స్ బాధ్యత కూడా మీద పడితే చుట్టుపక్కల ప్రైమరీ బడుల లెక్కలన్నీ మన టేబుల్ మీదికే వస్తాయి. పిల్లలు ఆరేడు వందల మంది, ఎనిమిదో పదో ఊళ్ళ నుంచి బస్సుల్లో ఆటోల్లో వస్తారు. సాయంత్రం స్టడీ అవర్ పెడదామంటే చివరి పల్లెవెలుగు బస్సు ఎన్నింటికో చూసుకుని పెట్టాలి. ఆ పిల్లల ఇళ్ళు ఎలా ఉంటాయో, ఎవరితో ఉంటున్నారో హెచ్‌ఎంకి తెలియదు, తెలుసుకునే తీరికా ఉండదు.

ఇక లోపలి ఊరు. కష్టాలు దాచి చెబితే మీకే నష్టం, అందుకే అవే ముందు చెబుతా. ఖాళీలు ఉంటాయి. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు ఇచ్చారు, కొత్త పిల్లలు రావడంతో మా వైపు బడులు ఊపిరి పీల్చుకున్న మాట నిజమే, కానీ వచ్చినవాళ్ళు రెండేళ్ళకో మూడేళ్ళకో రోడ్డు వైపు చూస్తారు, వాళ్ళను తప్పు పట్టలేం. క్లర్కు లేకపోతే బిల్లులు మీరే చేసుకోవాలి. టీచర్లు నలుగురైదుగురు కలిసి ఆదోని నుంచో ఎమ్మిగనూరు నుంచో ఒకే కారులో వస్తారు, ఆ కారు పంక్చరైతే ఫస్ట్ పీరియడ్ మొత్తం మీదే. ఊళ్ళో రెండు పార్టీలు ఉంటాయి, ఎస్‌ఎంసీ చైర్మన్ ఎవరనే దగ్గర మొదలై మధ్యాహ్న భోజనం ఏజెన్సీ ఎవరిది, ఆయమ్మగా ఎవరిని పెట్టాలి అనేదాకా ప్రతిదీ మీ గుమ్మం ముందుకు వస్తుంది. ప్రభుత్వం మారిన ఏడాదైతే ఇంకా ఎక్కువ. బడుల బిల్డింగులు బాగుచేసే నాడు-నేడు పథకం రెండో విడతలో పని సగంలో ఆగిన బడులు చాలా ఉన్నాయి, చేరగానే ఆ ఇనుప చువ్వల కింద పిల్లలు ఆడుకుంటూ కనిపిస్తారు.

కర్ణాటక సరిహద్దు ఊళ్ళలో ఇంకో చిక్కు. హొళగుంద, కౌతాళం వైపు గానీ, అనంతపురంలో డి.హీరేహాళ్, బొమ్మనహాళ్ వైపు గానీ పిల్లలు చాలా ఇళ్ళలో కన్నడ మాట్లాడతారు. బడిలో తెలుగు. చేతిలో ద్విభాషా పుస్తకం, ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. ఏడో తరగతి పిల్ల మూడు భాషల మధ్య నిలబడి సైన్సు అర్థం చేసుకోవాలి. కన్నడ తెలిసిన టీచరు ఒక్కరున్నా ఆరో తరగతి వాళ్ళకే ఇవ్వండి, పదికి కాదు.

ఇంత చెప్పి కూడా నేను లోపలి ఊరే అంటున్నాను. నా దృష్టిలో తేల్చేది స్టాఫూ కాదు, బిల్డింగూ కాదు, దూరమూ కాదు, సుగ్గి, అంటే కూలి పనులకు ఊళ్ళు వదిలి వలస పోవడం. కోసిగి, పెద్దకడబూరు, మంత్రాలయం, కౌతాళం మండలాల వాళ్ళకు ఈ మాట విడమర్చి చెప్పక్కర్లేదు. ఇక్కడ వాన మీద ఆధారపడ్డ పంట ఇంటికి వచ్చాక పని ఉండదు. అటు గుంటూరు, పల్నాడు వైపు ముందు పత్తి తీత, సంక్రాంతి దాటాక మిరప కోత ఉంటుంది. ఊళ్ళకు ఊళ్ళు కదిలిపోతాయి. మళ్ళీ ఉగాదికి వస్తారు. మనం పదో తరగతికి వంద రోజుల ప్రణాళిక గోడకు అంటించేది సరిగ్గా ఈ నెలల్లోనే, పరీక్షలు మార్చిలో. 2024 పది ఫలితాల్లో పార్వతీపురం మన్యం 96.37 శాతంతో ముందుంటే కర్నూలు జిల్లా 62.47 శాతంతో చివర నిలిచింది. అంతకు ముందు ఏడాది చివర నిలిచింది మన పక్క నంద్యాల, 60.39 శాతం. వలస ఒక్కటే కారణం అనను, ఖాళీ పోస్టుల సంగతీ ఉంది. కానీ క్లాసులో లేని పిల్లకు ఎంత మంచి టీచరైనా ఏం చెప్పగలడు?

ఇదే విషయం మండల కేంద్రంలో ఎలా తెలుస్తుందంటే, రిజిస్టర్లో వరుసగా ఆబ్సెంట్లు పడతాయి. క్లాస్ టీచర్ ఫోన్ చేస్తే స్విచ్ఛాఫ్. ఆ ఊరి పిల్లల్ని పిలిచి అడిగితే "వాళ్ళు పోయి వారమాయె సార్" అంటారు. అప్పటికి ఆ పిల్ల నరసరావుపేట దగ్గర ఏదో చేలో ఉంటుంది. లోపలి ఊళ్ళో అయితే ఎవరింట్లో మూటలు కడుతున్నారో ముందు రోజే మనకు తెలుస్తుంది. మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ వంటమ్మే చెబుతుంది.

మా ఊళ్ళో పీర్ల చావిడి దగ్గర రాత్రిపూట బొలెరో ఆగుతుంది. బియ్యం మూట, సట్టిగిన్నెలు, కోళ్ళ గంప, చుట్టచుట్టిన పరదా పట్టలు. పోయిన సంవత్సరం తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరు ఆ మూటల మీద కూర్చుని ఉంది, ఒళ్ళో తమ్ముడు. వాళ్ళమ్మను అడిగితే ఆమె కోపంగా ఏం మాట్లాడలేదు, లెక్క చెప్పింది: "పాప రాకపోతే ఈ సన్నపిల్లోన్ని ఎవురు సూస్తారు సార్? మేమిద్దరం కాయ కోస్తేనే కదా నాలుగు దుడ్లు." ఆ లెక్కకు మనం చదువు గొప్పతనం గురించి ప్రసంగం చేసి లాభం లేదు, ఆ పిల్లోన్ని ఎవరు చూస్తారో చెప్పాలి. అంగన్‌వాడీ టీచరమ్మ పగలు నేను చూసుకుంటానంది. రాత్రికి అవ్వ ఇద్దరినీ ఉంచుకుంటానంది, బియ్యం మూటలో కొంత అవ్వ ఇంట్లో దించారు. అమ్మాయి పుస్తకాల సంచి కూడా దిగింది. ఇప్పుడు పదికి వచ్చింది.

ఆ మాట అరగంటలో తెగిందంటే అంగన్‌వాడీ టీచరమ్మ, అవ్వ, వంటమ్మ ముగ్గురూ ఒకే వీధివాళ్ళు, బడి ఆ వీధి చివరే ఉంది కాబట్టి. అందరి విషయంలో ఇలా జరగదు. చూసుకోవడానికి అవ్వ కూడా లేని ఇళ్ళుంటాయి, అప్పు తీర్చడానికి ఇంటిల్లిపాదీ పోక తప్పనివాళ్ళుంటారు. అలాంటి పిల్లల కోసమే సమగ్ర శిక్ష సీజనల్ హాస్టళ్ళు ఉన్నాయి, బడిలోనే పడుకుని అక్కడే తింటారు. కానీ హాస్టల్ తెరిచేసరికి బొలెరో వెళ్ళిపోయి ఉంటే ప్రయోజనం లేదు. ఎంతమంది పోతారో, ఎప్పుడు పోతారో పేర్లతో సహా ముందే రాసి పంపగలిగేది ఊళ్ళో తిరిగే హెచ్‌ఎం మాత్రమే.

ఈ దగ్గరతనానికి ఇబ్బందీ ఉంది. అమ్మఒడి రోజుల నుంచీ, పథకం డబ్బు రావాలంటే 75 శాతం హాజరు అనే నిబంధన ఊళ్ళో అందరికీ కంఠతా వచ్చు. "మేం పోయినా పిల్లోనికి హాజరు వేయండి సార్" అని మొహం మీదే అడుగుతారు, చైర్మన్‌తో చెప్పిస్తారు. మొదటి ఏడాదే కుదరదని చెప్పేయండి. ఒక్కరికి వేస్తే డిసెంబర్‌కల్లా రిజిస్టర్ నిండుగా, బెంచీలు ఖాళీగా ఉంటాయి, ఏ పిల్ల నిజంగా పోయిందో మీకే తెలియకుండా పోతుంది.

అనంతపురం, కడప వాళ్ళు ఇది కర్నూలు పడమటి బాధ అనుకోవద్దు. అనంతపురం పల్లెల నుంచి బెంగళూరు బిల్డింగ్ పనులకు పోయేవాళ్ళ పిల్లల సంగతీ ఇదే, కాకపోతే వాళ్ళు పోయేదానికి నెలల లెక్క లేదు. కడప, రాజంపేట వైపు తల్లి కువైట్‌లో ఇంటిపనికి పోయి ఉంటుంది, పిల్ల అవ్వ దగ్గర పెరుగుతుంది, పదో తరగతి కాగానే పెళ్ళి మాటలు మొదలవుతాయి. ఎక్కడైనా ఆ మాట ముందు వినపడేది ఊళ్ళోనే. మెగా పీటీఎం (తల్లిదండ్రుల, టీచర్ల సమావేశం) సంగతే చూడండి, మొదటిది 2024 డిసెంబర్ 7న పెట్టారు, మా మండలాల్లో అప్పటికే ఎన్నో ఇళ్ళకు తాళాలు. రెండోది 2025 జూలై 10న, అప్పుడైతే తల్లిదండ్రులు ఊళ్ళోనే ఉంటారు. మా వైపు పేరెంట్స్‌తో గట్టిగా మాట్లాడాల్సింది జూలై, ఆగస్టుల్లోనే.

ఇంకొకటి. బదిలీల చట్టం ప్రకారం హెచ్‌ఎంకి ఒకచోట గరిష్టంగా 5 విద్యా సంవత్సరాలు. మీరు చేరిన ఏడాది ఆరులో చేరిన పిల్లలు మీరు పోయే ఏడాదే పది రాస్తారు. నూట యాభై, రెండొందల మంది ఉన్న ఊరి బడిలో ఆ బ్యాచ్‌లో ప్రతి పిల్ల పేరూ, ఇల్లూ, ఎక్కడ వెనకబడిందో మీకు తెలుస్తుంది. ఏడెనిమిది మంది స్టాఫ్ మాత్రమే కాబట్టి ఉదయం తొమ్మిదికి ముందే మీరు గేటు దగ్గర ఉంటే కారు కూడా తొమ్మిదికి ముందే వస్తుంది. జనవరి నుంచి రాత్రి స్టడీ పెడితే పిల్లలు నడిచొస్తారు, నడిచిపోతారు, బస్సు టైము అడ్డం రాదు. కరెంటు పోతే ఎదురింటివాళ్ళు ఛార్జింగ్ లైటు తెచ్చిపెడతారు. నేను ఊళ్ళోనే కాపురం ఉండమని అనడం లేదు, సుగ్గి నెలల్లో మాత్రం వారానికి కొన్ని రాత్రులైనా ఉండగలగాలి.

మిగతావి క్లుప్తంగా. మోడల్ ప్రైమరీ హెచ్‌ఎం పోస్టు మంచిదే, చిన్నపిల్లలంటే ఇష్టమైతే తీసుకోండి. ఆదర్శ పాఠశాలలు, కేజీబీవీల (కస్తూర్బా బాలికా విద్యాలయాల) దారి వేరు, మన ప్రమోషన్ కౌన్సెలింగ్‌లో రావు. ఇంటి పక్క టౌన్ హైస్కూల్ ఖాళీగా ఉందంటే సీనియర్లు మీకంటే ముందే పెట్టుకుని ఉంటారు.

మండల కేంద్రం ఎవరికి మేలో కూడా చెప్పాలి. రిటైర్మెంట్ రెండు మూడేళ్ళలో ఉన్నవాళ్ళకు, డయాలసిస్ లాంటి వైద్యం ఇంట్లో నడుస్తున్నవాళ్ళకు, సాయంత్రం ఐదు దాటితే తిరిగొచ్చే బండి లేని ఊరు వస్తుందని టెన్షన్ పడే మేడమ్‌లకు నేను పల్లె పెట్టుకోమని బలవంతం చేయను. మిగతావాళ్ళు ఆప్షన్ పెట్టేముందు ఒకసారి ఆ ఊరికి పోయి రండి. స్కూల్ బిల్డింగ్ చూసి వెనక్కి రావద్దు. వంటమ్మతో కాసేపు మాట్లాడండి, ఏ వీధి ఎప్పుడు ఖాళీ అవుతుందో అడగండి. నాడు-నేడు పనులు మిగిలి ఉంటే ఖాతాలో ఎంత ఉంది, ఎం-బుక్ (పనుల కొలతల పుస్తకం) ఎవరి దగ్గరుందో పాత హెచ్‌ఎంని అడిగి, చార్జ్ లిస్టులో రాయించుకోండి. చేరాక ఎస్‌ఎంసీ తీర్మానం, పిల్లల పేర్లు, సీజనల్ హాస్టల్ ప్రపోజల్ దసరా సెలవులకు ముందే ఎంఈఓ టేబుల్ మీద ఉండేలా చూసుకోండి. దీపావళికి బొలెరోలు మొదలవుతాయి.