వాలు బల్ల సెట్: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

అమలాపురం దగ్గర ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ ట్యూషన్ చెబుతాను. ఘర్షణ లెక్కల కోసం రాజమండ్రిలో కొన్న వాలు బల్ల సెట్ కొన్నేళ్లుగా నా దగ్గరుంది. ఒక చెక్క పలక, కోణాలు చూసే స్కేలు, 500 గ్రాముల దిమ్మ, పలక కొసన కప్పీ, దారానికి వేలాడే పళ్లెం. ఉన్నది ఇంతే అయినా సమతాస్థితి (బలాలు సరితూగి వస్తువు కదలకుండా ఉండే స్థితి) పాఠానికి ఇంతగా పనికొచ్చిన వస్తువు నా దగ్గర ఇంకోటి లేదు.

లెక్క చూడగానే పిల్లలు ఘర్షణ బలం దగ్గర ‘మ్యూ ఎన్’ (ఘర్షణ గుణకం మ్యూను, పలక దిమ్మను లంబంగా నెట్టే బలం ఎన్‌తో గుణిస్తే వచ్చేది) అని రాసేస్తారు. అది ఘర్షణకు పై హద్దు మాత్రమే. దిమ్మ కదలనంతసేపు ఘర్షణ ఎంత అవసరమో అంతే ఉంటుంది. ఈ మాట బోర్డు మీద చెబితే తలూపుతారు, బల్ల మీద చూస్తే నమ్ముతారు.

పలకను మెల్లగా ఎత్తుతుంటే నా దిమ్మ దాదాపు 22 డిగ్రీల దగ్గర జారుతుంది. ఆ కోణం టాంజెంట్ 0.4, అదే స్థైతిక ఘర్షణ గుణకం, అంటే దిమ్మ జారక ముందు వర్తించే మ్యూ. తర్వాత పలకను 30 డిగ్రీలకు బిగించి, దిమ్మకు దారం కట్టి పళ్లెంలో బరువులు వేయిస్తాను. పళ్లెం బరువు కూడా కలుపుకుని దాదాపు 75 నుంచి 425 గ్రాముల దాకా ఎంత వేసినా దిమ్మ కదలదు! సరిగ్గా 250 దగ్గర ఘర్షణ సున్నా. అంతకంటే తగ్గితే ఘర్షణ వాలు పైకి, పెరిగితే వాలు కిందికి పనిచేస్తుంది. దిమ్మ ఎటు జారబోతోందో తేల్చుకోకుండా ఫ్రీ బాడీ డయాగ్రమ్‌లో (వస్తువు మీది బలాలను బాణాలతో చూపే బొమ్మలో) ఘర్షణ బాణం గీయకూడదని పిల్లలకు అర్థమయ్యేది ఇక్కడే.

ఇబ్బందులూ ఉన్నాయి. మన కోనసీమ తేమకు ఇనుప బరువులు తుప్పు పట్టాయి, ఇత్తడివి కొనుక్కున్నాను. వానాకాలంలో చెక్క తేమ పీల్చుకుంటే జారే కోణం మారిపోతుంది, అందుకే క్లాసుకు ముందు మళ్లీ కొలుస్తాను. కప్పీ బిగుసుకుంటే దిమ్మ నిలబడే బరువుల పరిధి రెండు వైపులా ఎక్కువగా కనిపిస్తుంది. ఇరుసుకు ఒక చుక్క కుట్టుమిషన్ నూనె చాలు, పలక మీద మాత్రం పడనివ్వకండి.

కోతలప్పుడు పిల్లల్ని కళ్లంలో ధాన్యం రాశి వాలు కూడా కొలవమంటాను, అదీ ఘర్షణ పాఠమే. తడి ధాన్యం రాశి ఎండిన దానికంటే నిటారుగా నిలుస్తుంది.

గోడకు ఆనించిన నిచ్చెన లెక్కలకు ఈ సెట్ పనికిరాదు. అక్కడ టార్క్‌లు (బలాల తిప్పే ప్రభావాలు) కూడా చూడాలి. కొనేవాళ్లు కప్పీ తేలిగ్గా తిరుగుతోందా, పలక వంగకుండా ఉందా అని కొట్లోనే చూసి తీసుకోండి.