గిటారు సర్వీసింగు, వేళ్ల నొప్పి: గవర్నర్‌పేట దుకాణంపై సమీక్ష

గిటారు నేర్చుకోవడం మొదలుపెట్టిన వారికి ఎడమచేతి వేళ్ల కొసలు మండడం సహజమే అయినా, వాయిద్యం అమరిక సరిగా లేకపోతే ఆ నొప్పి అనవసరంగా పెరుగుతుంది. విజయవాడ గవర్నర్‌పేటలోని ఒక సంగీత వాయిద్యాల దుకాణంలో నా అకౌస్టిక్ గిటారుకు చేయించిన సర్వీసింగు ఈ విషయంలో తృప్తినిచ్చింది. పన్నెండవ ఫ్రెట్ (గిటారు మెడ మీది అడ్డ లోహపు పట్టీ) దగ్గర తీగల ఎత్తును కొలిచి, తీగలు కిందికి దిగేలా, బ్రిడ్జి (గిటారు పొట్ట మీద తీగలను బిగించే చెక్క) మీద తీగలను మోసే సన్నని పట్టీ అయిన శాడిల్ అడుగును అరగదీసి, మొదటి తీగ మందం 0.012 అంగుళాలుండే తీగల సెట్టును తీసి 0.010 సెట్టు వేశారు. సన్నని తీగకు బిగువు తక్కువ కనుక, అదే స్వరాన్ని పలికించడానికి వేలితో వేయవలసిన ఒత్తిడి స్పష్టంగా తగ్గింది. నాదం కొంత పలచబడిన మాట నిజమే గాని, నేర్చుకునే దశలో అది పెద్ద నష్టం కాదు. మెడ పైకొసన తీగలను పట్టి ఉంచే నట్‌లోని గాట్లను కూడా చూడమని మాత్రం మనమే అడగాలి, లేకపోతే మొదటి ఫ్రెట్ దగ్గర ఎఫ్ కార్డు (కలిపి మోగించే స్వరాల గుంపు) పట్టడం కష్టంగానే ఉంటుంది.

వారు చూపించిన సిలికాన్ వేలితొడుగులను నేను సిఫారసు చేయను. అవి తీగ స్పర్శను దాచేయడమే కాక, వేలి కొసన చర్మం గట్టిపడడాన్ని ఆలస్యం చేస్తాయి. బెజవాడ ఉక్కలో చేతి చెమటకు తీగలు త్వరగా తుప్పుపట్టి గరుకెక్కుతాయి కాబట్టి, వాయించిన ప్రతిసారీ పొడిగుడ్డతో తుడవమన్న వారి సలహా ఆ తొడుగుల కంటే ఎక్కువ ఉపయోగపడింది.