స్టోరీబోర్డా, ప్రీవిజా, ఫోన్ రిహార్సలా: షూటింగుకు ముందు ఏది మేలు?

"అతను గుమ్మం దాటి వస్తాడు, ఆమె తలెత్తి చూస్తుంది" అని స్క్రిప్టులో రాసి ఉంటే దర్శకుడు ఒక గుమ్మాన్ని, ఛాయాగ్రాహకుడు మరొక గుమ్మాన్ని, కళాదర్శకుడు ఇంకొక గుమ్మాన్ని ఊహించుకుంటారు. ముగ్గురికీ ఒకే గుమ్మం కనిపించాలంటే, సన్నివేశాన్ని షాట్లుగా విడదీసి రాసుకునే షాట్ డివిజన్ ఒక్కటే చాలదు. అందుకు చేతితో గీసే స్టోరీబోర్డు, కంప్యూటరులో త్రీడీ బొమ్మలతో చేసే ప్రీవిజ్, లొకేషన్లో ఫోనుతో తీసుకునే రిహార్సల్ వీడియో అనే మూడు పద్ధతులు నేడు అందుబాటులో ఉన్నాయి.

వీటిలో పాతది స్టోరీబోర్డు. 1930ల తొలినాళ్లలో డిస్నీ స్టూడియోలో రూపుదిద్దుకున్న ఈ పద్ధతికి మన దగ్గర బాపుగారిని మించిన ఉదాహరణ లేదు. స్వయంగా చిత్రకారుడైన ఆయన షాట్లను ముందుగానే బొమ్మలుగా గీసుకునేవారు. అయితే బొమ్మ గీయడం రానివారు వెనుకాడనక్కరలేదు; మనిషికి ఒక గీత, తలకు ఒక సున్నా, కెమెరా కదిలే దిక్కుకు ఒక బాణం ఉంటే యూనిట్‌కు విషయం అర్థమవుతుంది. ఎవరి ముఖం ఎంత దగ్గరగా ఉండాలి, ఏ చూపు తరువాత ఏ చూపు రావాలి అన్న ఆలోచనకు కాగితాన్ని మించిన చోటు లేదని నా గట్టి నమ్మకం. నచ్చకపోతే రబ్బరుతో చెరిపేయవచ్చు.

కానీ కాగితానికి కొలతలు తెలియవు. 36 ఎంఎం వెడల్పు సెన్సరు ఉన్న ఫుల్ ఫ్రేమ్ కెమెరాకు 50 ఎంఎం లెన్సు పెట్టి పది అడుగుల దూరం నుంచి చూస్తే దాదాపు ఏడు అడుగుల వెడల్పు మాత్రమే పడుతుంది. అదే చోటు నుంచి 24 ఎంఎం వైడ్ లెన్సుతో పదిహేను అడుగులు పడుతుంది. చిన్న గదిలో ఐదుగురు వరుసగా కూర్చున్న బొమ్మను చిత్రకారుడు సులువుగా గీసేస్తాడు గానీ, ఆ గదిలో కెమెరా అంత వెనక్కి వెళ్లడానికి గోడ అడ్డం వస్తుంది.

ప్రీవిజ్ బలమంతా ఈ కొలతల్లోనే ఉంది. సెట్టును అసలు కొలతలతో కట్టి, లెన్సు మార్చి, షాటు ఎన్ని సెకన్లు నిలుస్తుందో చూసుకోవచ్చు. 'ఈగ' (2012)లో మాదిరిగా ప్రధాన పాత్ర కెమెరా ముందు లేనే లేనప్పుడు, నటుడు శూన్యంలోకి ఎటు చూడాలో, ఎప్పుడు ఉలిక్కిపడాలో ముందే తేలకపోతే గ్రాఫిక్స్ నిపుణులకు చిక్కు తప్పదు. అటువంటి దృశ్యాలకు, భారీ పోరాటాలకు ప్రీవిజ్ మీద పెట్టే డబ్బు వృథా కాదు. ఇద్దరు మనుషులు మాట్లాడుకునే సన్నివేశానికి మాత్రం నేను దాన్ని సిఫారసు చేయను, ఎందుకంటే ఆ బూడిదరంగు బొమ్మలకు కళ్లలో ఏ భావమూ ఉండదు. పైగా ఏ క్రేనూ వెళ్లలేని దారుల్లో అందులోని కెమెరా హాయిగా ఎగురుతుంది; అసలు కెమెరాతో ఆ షాటు తీయలేము.

చిన్న చిత్రాలకు నా ఓటు ఫోన్ రిహార్సలుకే. ఒక పాత పెంకుటింట్లో లఘుచిత్రం తీసినప్పుడు, నాయకుడి వెంట వంటగది వరకూ పట్టాల మీద కెమెరా ట్రాలీ వెళ్లాలని మా స్టోరీబోర్డులో ఉంది. షూటింగుకు రెండు రోజుల ముందు ఇద్దరు సహాయకులు ఆ నడకను ఫోనులో తీస్తే, బొమ్మలో ఎవరూ గీయని గడప బయటపడింది. జానెడు ఎత్తున్న ఆ గడప మీదుగా పట్టాలు వేయలేము. అందుకే కెమెరాను హాల్లోనే నిలిపి, అతను గడప దగ్గర ఒక్క క్షణం ఆగేలా మార్చాము, ఆ ఆగడంలోనే అతని సంకోచం కనిపించింది. అదే వీడియోలో బావి గిలక కిర్రుమనే చప్పుడు సంభాషణను మింగేస్తోందని కూడా తెలిసి, మరునాడే దానికి నూనె పెట్టించాము. అయితే ఫోన్ ప్రధాన కెమెరా సాధారణంగా వైడ్ లెన్సు కనుక, అందులో విశాలంగా కనిపించిన గది అసలు లెన్సులోనూ అలాగే ఉంటుందని అనుకోకూడదు.

కాబట్టి ఎంపిక సినిమాను బట్టి కాక సన్నివేశాన్ని బట్టి జరగాలి. ముందు అన్నిటికీ గీతల బొమ్మలు గీయండి. నటులు కదిలే సన్నివేశాలను లొకేషన్లో ఫోనుతో తీసి చూసుకుని ఆ బొమ్మలను దిద్దండి. కెమెరా ముందు లేనిదాన్ని చూపవలసిన షాట్లను మాత్రమే ప్రీవిజ్‌కు పంపండి. దిద్దిన ప్రతిని సెట్లో అందరికీ కనిపించే గోడకు అంటించి, పూర్తయిన షాటునల్లా పెన్నుతో కొట్టివేస్తూ పోతే, సాయంత్రం వెలుగు తగ్గేవేళకు ఇంకా ఏమి మిగిలిందో ఎవరినీ అడగనక్కరలేదు.